కూర్చున్న రోజు

క్యాలెండర్లు అచ్చువేసే ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో నన్నడగండి, చెప్తాను. ఊరందరికీ అక్టోబరు నడుస్తుంటే మాకు వచ్చే ఏడాది మార్చి నడుస్తూ ఉంటుంది. వీధిలో ఎవరైనా ఆగి "ఇవాళ ఏ వారమండీ?" అని అడిగారో, ఇంట్లో ఉన్నవాళ్లం తలా ఒక వారం చెప్తాం. అందులో ఒక్కటీ ఈ ఏడాదిది కాదు.

మావి రోజుకో కాగితం చింపే క్యాలెండర్లు. అరచేతంత కాగితం, మధ్యలో పెద్ద అంకె, దాని కింద వారం, ఆ కింద చిన్న అక్షరాల్లో 'ఈ రోజున' అని ఒక ముక్క. చరిత్రలో ఆ తేదీన ఏం జరిగిందో అందులో ఉంటుంది. మనిషి చంద్రుడి మీద దిగిన రోజు, మొదటి విమానం గాల్లోకి లేచిన రోజు, ఎవరెస్టు ఎక్కిన రోజు, టైటానిక్ మునిగిన రోజు. జనం పొద్దున్నే మొహం కడుక్కుని, నిన్నటి కాగితం చింపి, ఇవాళ్టి ముక్క చదివి పనికి పోతారు. 

ఆ ముక్కలన్నీ మా మామయ్య రాసేవారు. ఆయనకి ఒకటే నియమం. జరిగింది పుస్తకంలోనైనా ఉండాలి, కళ్లారా చూసినవాళ్లు ఇద్దరైనా ఉండాలి. లేకపోతే తలకిందులుగా వేలాడినా వెయ్యరు. ఏ తేదీకైనా ఏమీ దొరక్కపోతే 'ఈ రోజు మంచినీళ్లు ఎక్కువగా తాగండి' అని వేసి ఊరుకునేవారు. మా క్యాలెండర్ గోడకున్న ఇళ్లవాళ్లు మధ్యమధ్యలో కడుపునిండా నీళ్లు తాగుతూ ఉండేవారన్నమాట.

నేను కోడలిగా వెళ్లాక అది మొదటి క్యాలెండర్ల సీజను. ఆ సీజన్లోనే మామయ్యకి కంట్లో శుక్లం తీయించాల్సి వచ్చింది. డాక్టరు సోమవారం రమ్మన్నాడు. తండ్రీ కొడుకులిద్దరూ బల్ల మీది కాగితంలో తేదీ చూసి, సోమవారమే కదా అనుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, సైకిలెక్కి ఆస్పత్రికి వెళ్తే తలుపులకి తాళం. అది వచ్చే ఏడాది సోమవారం మరి! ఈ ఏడాది ఆ తేదీ ఆదివారం. ఇద్దరూ నోళ్లు మూసుకుని తిరిగొచ్చారు. నేనూ అత్తయ్యా నవ్వలేక చచ్చాం.

మొత్తానికి ఆపరేషనైంది. మామయ్య కంటికి కట్టు కట్టి, చదవడం, రాయడం బంద్ అన్నారు. మరి ముక్కలెవరు రాయాలి? మా ఆయనకి మెషీన్ తప్ప మరో లోకం తెలీదు. అత్తయ్యకి కాగితాలు ఏరి కట్టలు కట్టడంతోనే సరిపోతుంది. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి కదా, నువ్వే కానీ," అన్నారు మామయ్య. అంతే, మర్నాటి నుంచి ప్రపంచ చరిత్ర నా నెత్తిన పడింది. నేను కొంచెం గర్వంగానే మోశాను, అబద్ధమెందుకు!

మా పనంతా మధ్యగదిలోనే జరిగేది. ముందుగదిలో మెషీన్ టకటకలాడుతూ ఉంటుంది. మధ్యగదిలో గోడ నుంచి గోడ దాకా పొడుగాటి బల్ల. బల్ల అంచు పొడుగునా అచ్చైన కాగితాల దొంతరలు తేదీల వరసలో పేర్చి ఉంటాయి. బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కో దొంతర మీంచి ఒక్కో కాగితం తీసుకుంటూ పోవాలి. ఒక చుట్టు తిరిగేసరికి చేతిలో ఒక నెల తయారవుతుంది. ఆ పనిలో అత్తయ్యని మించినవాళ్లు లేరు. మాట్లాడుతూనే తిరిగేది, తిడుతూనే తిరిగేది, ఒక్క తేదీ దాటేది కాదు. సీజనుకి సాయంగా వీధి చివరింటి సైరన్ పిన్ని వచ్చేది. పక్కవీధిలో ఉన్న దారం మిల్లులో చేసి రిటైరైన మనిషి. మిల్లు రొదలో అరిచి అరిచి ఆ గొంతు అలా స్థిరపడిపోయింది. ఆవిడ గుసగుసగా చెప్పిన రహస్యం కూడా మూడిళ్ల అవతలికి వినపడేది.

ఆ మధ్యాహ్నం జూన్ నెల కాగితాలు నా ముందున్నాయి. అంకె, వారం వేసేశారు, 'ఈ రోజున' దగ్గర మాత్రం ఖాళీ. ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఒక్క తేదీ మాత్రం మొండికేసింది.

"జూన్ ఇరవై ఏడు, సోమవారం. ఇదేం తేదీ అండీ బాబూ! రాజు పుట్టలేదు, రాజ్యం పోలేదు. మళ్లీ మంచినీళ్లే గతి," అన్నాను పైకే.

అత్తయ్య జనవరి కాగితాలు ఏరుతూ నా వెనక నుంచి పోతోంది. "ఎందుకు జరగలేదు? ఆ సోమవారమే కదా మేం కూర్చున్నాం," అంది, ఆగకుండానే.

"కూర్చున్నారా? ఎక్కడ?"

"మిల్లులో. నేల మీద."

బల్ల అవతల చుట్టు తిరుగుతున్న సైరన్ పిన్ని టక్కున ఆగిపోయింది. "నీ కోడలికి చెప్పలేదుటే?" అంది. ముందుగదిలో మెషీన్ దగ్గరున్న మా ఆయన కూడా తలతిప్పి చూశారు.

"చెప్పడానికేముందే అందులో. నువ్వు నడు, ఫిబ్రవరి ఆగిపోతోంది," అంది అత్తయ్య.

నేను వదిలే రకమా? అత్తయ్య మిల్లులో పనిచేసిందని నాకు తెలుసు. పిల్లాడు పుట్టాక మానేసిందని ఇంట్లో చెప్పుకునే మాట. ఇంకేదో ఉందని అప్పుడే తెలిసింది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి సైరన్ పిన్నే పూనుకుంది. ఆవిడ చెప్తే వీధంతా వినాల్సిందే, నేనెంత.

అప్పట్లో ఆ మిల్లులో కండెలు చుట్టే చోటంతా ఆడవాళ్లేనట. పొద్దున నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. దారం తెగితే ముడెయ్యాలి, కండె నిండితే మార్చాలి. కూర్చోవడానికి ఒక్క స్టూలైనా లేదు. పైగా నేలంతా మెషీన్ల నూనె. కూర్చుంటే బట్టలు పాడైపోతాయని ఎవరూ కూర్చోరులే అని మిల్లువాళ్ల ధీమా. అత్తయ్యకప్పుడు నెలలు నిండాయి. పాదాలు వాచి దిమ్మల్లా అయ్యాయి.

"నిలబడి నిలబడి, ఉన్నట్టుండి చతికిలబడింది మీ అత్త. ఆ నూనెలోనే. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు. లే అన్నాడు. ఇది లేవలా. లే అని ఇంకా గట్టిగా అరిచాడు. నాకు ఒళ్లు మండింది. నా మెషీన్ వదిలేసి వచ్చి దీని పక్కన నేనూ కూర్చున్నా. నా పక్కన ఇంకోతి. దాని పక్కన ఇంకోతి. చూస్తూ చూస్తూ ఉండగా మొత్తం అందరం నేల మీదే! మెషీన్లు తిరుగుతున్నాయి, దారాలు పటపటా తెగిపోతున్నాయి, లేచే నాథుడు లేడు. నినాదం లేదు, జెండా లేదు. ఊరికే కూర్చున్నాం. సాయంత్రం సైరన్ మోగేదాకా," అంది సైరన్ పిన్ని.

"తర్వాత?"

"తర్వాత లేచి ఇళ్లకి పోయాం. అందరి బట్టలూ వెనక నల్లగా నూనె మరకలు. వీధి వీధంతా మా వెనకలు చూసి నవ్వింది. మేమూ నవ్వాం. వారం తిరక్కుండా స్టూళ్లు వచ్చాయమ్మా! మా మిల్లులో వస్తే పక్క మిల్లులోనూ అడిగారు. ఇప్పుడు ఏ మిల్లుకి పోయినా స్టూలుంటుంది. ఎలా వచ్చిందో ఒక్కదానికీ తెలీదు."

అత్తయ్యకేసి చూశాను. తలెత్తకుండా కాగితాలు సమం చేసుకుంటోంది.

"మరి మీరు మానేశారేం అత్తయ్యా? స్టూళ్లు వచ్చాక?"

"నేను మానలేదు అమ్మాయ్. ఆ సాయంత్రమే గేటు దగ్గర నన్నొక్కదాన్నీ ఆపి, రేపట్నుంచి రావద్దన్నారు. మొదలుపెట్టింది నేనే కదా. ఆ స్టూలు ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు," అంది.

సైరన్ పిన్ని గొంతు మొదటిసారి తగ్గింది. "రిటైరయ్యేదాకా నేను దాని మీదే కూర్చున్నానే. కూర్చున్నప్పుడల్లా నువ్వు గుర్తొచ్చేదానివి," అంది. అత్తయ్య ఆవిడ చేతిలో కట్ట లాక్కుని తనే సమం చేసి ఇచ్చింది.

ఇంక నన్ను పట్టుకోగలరా ఎవరైనా? అప్పటికప్పుడు కాగితం తీసి రాసేశాను. 'ఈ రోజున: దారం మిల్లులో కండెలు చుట్టే ఒక నిండు గర్భిణి నేల మీద కూర్చుంది.' పైకి చదివి వినిపించాను. 

అత్తయ్య ఠక్కున ఆగింది. "తీసెయ్. నేనేదో వీరనారిలా రాస్తావేమిటి! నాకు కాళ్లు పీకాయి, కూర్చున్నా. అంతే. అయినా ఈ క్యాలెండర్లు ఎవరివో తెలుసా నీకు?"

తెలియక కాదు. అప్పుడు బల్ల మీదున్న సరుకంతా ఆ మిల్లుదే. ఏటా వాళ్లే మాకు పెద్ద ఆర్డరు. అట్ట మీద మిల్లు బొమ్మ, పేరు పెద్ద అక్షరాల్లో. కొత్త సంవత్సరం రోజున పనివాళ్లందరికీ తలా ఒకటి ఇస్తారు. వాళ్ల అట్ట కింద వాళ్లనే వేలెత్తి చూపిస్తామా? మా ఆయన మొహం అప్పటికే పాలిపోయింది. 

"అమ్మ చేసింది గొప్పే. కాదన్నానా! కానీ మిల్లు పోతే ఈ మెషీన్‌కి పనెక్కడిది?" అన్నారు మెల్లగా.

"అందుకే చెప్తున్నా. మంచినీళ్లు రాసెయ్," అంది అత్తయ్య. "ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకపోతే నాకేం తక్కువైంది?"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉందో నేను విన్నాను. తక్కువైంది. చాలా తక్కువైంది. ఎవరెవరో కొండలెక్కిన రోజులూ, ఎవరెవరో పడవలు మునిగిన రోజులూ ఏళ్ల తరబడి చేత్తో ఏరి పెట్టిన మనిషి. తన రోజు మీద ప్రతి ఏడూ మంచినీళ్లు తాగండి అని ఉంటే, అదీ ఏరి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాకు రెండూ కలిసే వస్తాయి.

"మామయ్యనే అడుగుదాం. ఆయన వద్దంటే తీసేస్తా," అన్నాను.

మామయ్య వెనకగదిలో కంటికి కట్టుతో పడక్కుర్చీలో ఉన్నారు. సైరన్ పిన్ని గొంతు పుణ్యమా అని ఆయనకి అంతా వినపడే ఉంటుంది. అయినా నేను వెళ్లి, మొదటి నుంచీ చెప్పాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వెనకే అత్తయ్య, ఆవిడ వెనక సైరన్ పిన్ని.

మామయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఎవరినీ నొప్పించలేరు. కాసేపు కుర్చీ చెయ్యి నిమురుతూ కూర్చున్నారు. "పుస్తకంలో లేదు కదమ్మా," అన్నారు.

"చూసినవాళ్లు ఇద్దరున్నారు మామయ్యా. ఇద్దరూ మీ గుమ్మంలోనే ఉన్నారు."

"సరే. ఏ వారం?"

"సోమవారం," అంది అత్తయ్య.

"గురువారం!" అంది సైరన్ పిన్ని. "సోమవారం ఎక్కడిదే? మెషీన్లకి నూనె వేసేది గురువారాలే కదా. ఆ నూనెలోనే కదా కూర్చున్నాం. నా బట్టలు పనికిరాకుండా పోయాయి, నాకు తెలీదూ?"

"సోమవారమేనే. జూన్ ఇరవై ఏడు సోమవారం. నాకు కళ్లకి కట్టినట్టుంది."

"నీ కళ్లకి కట్టింది నీ మొహం!"

ఇద్దరూ కుమ్ములాడుకోవడం మొదలెట్టారు. మామయ్య తల అడ్డంగా ఊపారు. "చూశావా అమ్మా? వారమే కుదరనిదానికి తేదీ ఎలా కుదురుతుంది? మనం వేసింది ఇంతవరకూ ఒక్కటీ తప్పని అనిపించుకోలేదు. తెలియనిది వెయ్యకూడదు."

ఆయన దారి దొరికిందన్నట్టు ఊపిరి పీల్చుకున్నారు. మా ఆయన కూడా. అత్తయ్య వెనక్కి తిరిగింది. ఆ వెనక్కి తిరగడం చూడలేకపోయాను.

అప్పుడు తట్టింది నాకు. అయ్యో నా తెలివి తెల్లారా! ఆ సోమవారం చదివింది నేనే కదా. నా చేతిలో ఉన్నది వచ్చే ఏడాది కాగితం. జూన్ ఇరవై ఏడు సోమవారం అని నేను చదివితే, అత్తయ్య అదే అందుకుంది. ఆస్పత్రి తాళం చూసొచ్చిన ఇంట్లో ఈ పొరపాటు కాక ఇంకేం జరుగుతుంది?

"అత్తయ్యా, ఆగండి. ఆ సోమవారం మీది కాదు, నా కాగితంలోది. నేను చదవకముందు మీకు వారం గుర్తుందా, తేదీ గుర్తుందా?"

ఆవిడ ఆలోచించింది. "తేదీయే. తేదీ ఎలా మర్చిపోతాను? గేటు దాటుతుంటేనే నొప్పులు మొదలయ్యాయి. తెల్లారేసరికి వీడు పుట్టాడు."

అందరం మా ఆయనకేసి చూశాం. ఆయన పుట్టినరోజు జూన్ ఇరవై ఎనిమిది. పెళ్లయ్యాక నేను మొదట బట్టీ పట్టిన తేదీ అదే. పాపం, ఆయన అదేదో తన తప్పన్నట్టు నిలబడిపోయారు.

"నేను ఏ వారం పుట్టాను నాన్నా?" అన్నారు.

మామయ్య కట్టు లేని కన్ను గోడ మీదుంది.

"శుక్రవారం పొద్దున పుట్టావు. ముందురోజు గురువారం. ఆ సాయంత్రం నేను గేటు బయట నిలబడి ఉన్నా. మీ అమ్మ బట్టలన్నీ నూనె. నన్ను చూసి, 'ఏవండీ, కూర్చున్నానండీ' అంది," అన్నారు.

సైరన్ పిన్ని అత్తయ్య భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా," అన్నారు మామయ్య. చదవడం బంద్ అన్నా వినకుండా, కట్టు లేని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఒక గర్భిణి కూర్చుంది అని రాశావు. అది సరికాదు. ఒక్కతే కూర్చుంటే స్టూళ్లు వచ్చేవి కావు. ఏమంటావే?" అన్నారు అత్తయ్యతో.

"నేనూ అదే కదా మొత్తుకుంటున్నా. అందరం కూర్చున్నాం. పేర్లూ వద్దు, గర్భిణీ వద్దు. అందరం అని రాయి," అంది అత్తయ్య. తీసెయ్యమని మాత్రం ఈసారి అనలేదు.

ఆ ముక్క నేను చెప్తుంటే మామయ్యే స్వయంగా అచ్చు అక్షరాలు పేర్చారు. కంటికి కట్టుతోనే. వేళ్లకి అలవాటే కదా, ఏ గడిలో ఏ అక్షరముందో చూడక్కర్లేదు. 'ఈ రోజున: దారం మిల్లులో కండెలు చుట్టే ఆడవాళ్లందరూ పని మధ్యలో నేల మీద కూర్చున్నారు. సాయంత్రం దాకా లేవలేదు. మిల్లుల్లో స్టూళ్లు అలా వచ్చాయి.'

అంతటితో అయిపోతే బాగుండేది. మా ఆయన సలహా ఏమిటంటే, మిల్లువాళ్లు ఎలాగూ అట్ట చూసి ఊరుకుంటారు, లోపల ఎవరు చదువుతారు, గమ్మున వేసేద్దాం అని. మామయ్య ఒప్పుకోలేదు. "దాచిపెట్టి వేస్తే అది దొంగతనంగా వేసినట్టు. మీ అమ్మ దొంగతనంగా కూర్చుందా?" అన్నారు. మెత్తటి మనిషి అనుకున్నానే, ఒకసారి పట్టు పట్టాక ఎవరి మాటా వినలేదాయన. మిల్లు మేనేజరు ప్రూఫులు చూడటానికి వచ్చిన రోజు, ఆ ఒక్క కాగితం అన్నిటికన్నా పైన పెట్టి ఆయన చేతికిచ్చారు.

మేనేజరు మంచివాడే. అరిచే మనిషి కాదు. చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది నిజంగా జరిగిందాండీ?"

"జరిగింది. నేను గేటు దగ్గరే ఉన్నాను."

"జరిగే ఉంటుందిలెండి. కానీ పాత గొడవలు ఇప్పుడెందుకు? నాకు అభ్యంతరం లేదు, పైవాళ్లు ఊరుకోరు. ఈ ఒక్కటీ తీసి, ఏదో ఆరోగ్య సూత్రం వెయ్యండి. మీ మంచికే చెప్తున్నా. లేకపోతే ఆర్డరు ఉండదు."

మాట చాలా మర్యాదగానే అన్నాడు. నేను నోరు తెరవబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నన్ను ఆపడానికేమో అనుకున్నాను. కాదు, ఆయనకే భయంగా ఉండి పట్టుకున్నారు.

బల్ల చుట్టూ తిరుగుతున్న అత్తయ్య ఆ చుట్టు పూర్తిచేసింది. చేతిలో ఉన్న నెలని సమం చేసి బల్ల మీద పెట్టింది. వచ్చి మేనేజరు ఎదురుగా నిలబడింది.

"తీయం బాబూ," అంది. "టీ తాగి వెళ్లు."

మేనేజరు మామయ్యకేసి చూశాడు, ఇంటి పెద్ద ఏమంటాడో అని. మామయ్య గొంతు సవరించుకున్నారు. "అట్ట మీ మిల్లుదండీ. కావాలంటే తీసుకెళ్లండి. రోజులు మావి," అన్నారు.

ఆ మాటన్నప్పుడు మామయ్యని చూడాలి మీరు! ఒంటి కన్నుతో, నలిగిన చొక్కాతో, మహారాజులా ఉన్నారు. మేనేజరు టీ తాగాడు. కప్పు కింద పెట్టి, అత్తయ్యకి నమస్కారం పెట్టి వెళ్లాడు. ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆర్డరు పోయింది. అట్టలు మూటలు కట్టి మిల్లుకి పంపేశాం. మిగిలినవి కట్టలు కట్టలుగా రోజులు. ఏం చేయాలో తోచక మా ఆయన ఒక పూటంతా తలపట్టుకు కూర్చున్నారు. తర్వాత లేచి, గోదాములో మూలనున్న మామూలు అట్ట దింపారు. బొమ్మ లేదు, పేరు లేదు. ఖాకీ రంగు అట్ట, దాని మీద మా కట్ట అతికించాం. చూడ్డానికి మొండి గోడలా ఉందని నేనంటే, "బొమ్మ చూసి ఎవరు చింపుతారే, తేదీ చూసి చింపుతారు," అని దెప్పింది అత్తయ్య. అప్పటికే ఆవిడ మొహం వెలిగిపోతోంది. దాచుకుందామనుకుంది కానీ దాగలేదు.

సైరన్ పిన్ని ఎన్ని చంకలో పెట్టుకోగలదో అన్ని పెట్టుకుని మిల్లు షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గరికి పోయింది. ఇంకేం, ఆ గొంతు! "అమ్మాయిలూ! మీ కింద స్టూలు ఎక్కడిదో తెలుసుటే మీకు? జూన్ తీసి చదవండి!" అని అరిచిందట. కండెలు చుట్టే ఆడపిల్లలు ముందు నవ్వారట. తర్వాత ఒకతి తీసి చదివింది. దాని భుజం మీంచి ఇంకోతి చదివింది. ఆ సాయంత్రం పిన్ని ఖాళీ చేతులతో వచ్చి, "ఇంకా ఉన్నాయా?" అంది. మర్నాడు నేనూ వెళ్లాను. ఒకావిడ రెండు తీసుకుంది, ఒకటి తనకి, ఒకటి మిల్లులో గోడకిట. "మా అమ్మ కూడా అప్పుడు కండెల్లోనే పనిచేసేది. నాకెప్పుడూ చెప్పలేదు. అడుగుతా ఉండు," అంటూ గబగబా నడిచిపోయింది.

మిల్లు ఆర్డరు ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆ ఏడాది కష్టంగానే గడిచింది, కాదనను. మా ఆయన పెళ్లి కార్డులూ, బస్సు టికెట్లూ, ఏది దొరికితే అది వేశారు. ఒక్క రోజు కూడా ఆయన నోటి వెంట "అప్పుడే తీసేసి ఉంటే" అన్న మాట రాలేదు. అందుకే ఆయనతో కాపురం చేస్తున్నాను లెండి.

జూన్ వచ్చింది. ఇరవై ఏడు పొద్దున అత్తయ్య ఏమీ ఎరగనట్టే లేచింది. ఇరవై ఆరు కాగితం తనే చింపింది. కింద ముక్క చదివిందో లేదో తెలీదు, వీపు నా వైపుంది. రోజంతా మామూలుగానే పని చేసుకుంది. ఎవరైనా వస్తారేమో, ఏమైనా అంటారేమో అని నేను గుమ్మంలోకి చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు ఇరవై ఎనిమిది, మా ఆయన పుట్టినరోజు. పొద్దున్నే నేను కాగితం చింపబోతే మామయ్య వెనక నుంచి, "ఉండనీ అమ్మా," అన్నారు. 

"అదేమిటండీ, క్యాలెండర్లు వేసే ఇంట్లోనే తేదీ మారకపోతే ఎలా?" అని కోప్పడింది అత్తయ్య. అయినా చింపలేదు. 

నేను టీ పొడి అయిపోతే సైరన్ పిన్నిని అడిగి తెద్దామని బయల్దేరాను. దారిలో మొదటింటి తలుపు తీసి ఉంది. లోపల గోడ మీద ఖాకీ అట్ట. జూన్ ఇరవై ఏడు. మర్చిపోయారు కాబోలు అనుకున్నాను. పక్కింట్లో చూశాను. ఇరవై ఏడు. కుట్టు మెషీన్ ఆవిడ ఇంట్లో, ఇరవై ఏడు. మంగలి షాపులో, అద్దం పక్కన, ఇరవై ఏడు. వీధి మలుపు దాటి మిల్లు వాళ్లుండే వరసలోకి వెళ్తే, కిటికీ కిటికీలోంచీ అదే అంకె. ఏ ఇంట్లోనూ ఒక్కరూ చింపలేదు.

పరుగున ఇంటికొచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. ఆవిడ మొదట నమ్మలేదు. మొదటిల్లు చూసింది. రెండోది చూసింది. మూడో ఇంటి దగ్గరకి వచ్చేసరికి మా క్యాలెండర్ పరువు పోతోందని కోపం వచ్చేసింది ఆవిడకి. 

"ఏమే, ఇవాళ ఇరవై ఎనిమిది! చింపండే! తేదీలు తప్పిపోతాయి! పనులు చెడతాయి!" అని ఇల్లిల్లూ తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. ఆడపిల్లలు గుమ్మాల్లోకి వచ్చి నవ్వుతూ నిలబడ్డారే తప్ప ఒక్కతీ లోపలికి వెళ్లి చింపలేదు.

వీధి చివర సైరన్ పిన్ని తన ఇంటి మెట్టు మీద కూర్చుని ఉంది. 

"నువ్వైనా చింపవే," అంది అత్తయ్య, రొప్పుతూ.

"ఎందుకు చింపాలి? ఆ రోజు మనల్ని ఎవరైనా లేపగలిగారా?" అంది సైరన్ పిన్ని.

అత్తయ్య అటూ ఇటూ చూసింది. బట్టలు సర్దుకుంది.

"కాస్త జరుగు," అంది.